జేమ్స్ బాండ్ నవలలు వర్సెస్ సినిమాలు: ఎవరికి ఏం గుర్తుంది?

ఈ ఎపిసోడ్ జేమ్స్ బాండ్ గురించి. ఏ హీరో బెస్ట్, ఏ కారు బెస్ట్ అనే ర్యాంకింగ్ వీడియోలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి, కాబట్టి వాటి జోలికి వెళ్లట్లేదు. కామెంట్స్‌లో ఒక ప్రశ్న తరచుగా వస్తోంది. "అన్నా, బాండ్ సినిమాలన్నీ చూసేశాను. ఇంకా ఆ పాత నవలలు కూడా చదవాలా? కథ అదే కదా?" అని. దానికి సమాధానం ఒక్క లైన్‌లో అయిపోదు, అందుకే ఎపిసోడ్ చేస్తున్నా.

ముందే చెప్తున్నా, స్పాయిలర్స్ ఉంటాయి. 1953లో వచ్చిన మొదటి నవల నుంచి 2021లో వచ్చిన సినిమా దాకా అన్నిటి క్లైమాక్స్‌లూ మాట్లాడతాను. "నో టైమ్ టు డై" ఇంకా చూడనివాళ్లు ఉంటే ఇక్కడే ఆపేసి, చూసి రండి.

ముందు బేసిక్స్. బాండ్‌ని సృష్టించింది ఇయాన్ ఫ్లెమింగ్ అనే ఇంగ్లిష్ రచయిత. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ ఇంటెలిజెన్స్ విభాగంలో డైరెక్టర్‌కి అసిస్టెంట్‌గా పనిచేశాడు. యుద్ధం అయ్యాక జమైకాలో సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని దానికి గోల్డెన్‌ఐ అని పేరు పెట్టాడు. ప్రతి ఏడాది చలికాలంలో అక్కడికెళ్లి ఒక పుస్తకం రాసేవాడు. హీరో పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? వెస్టిండీస్ పక్షుల మీద పుస్తకం రాసిన ఒక అమెరికన్ శాస్త్రవేత్త పేరు జేమ్స్ బాండ్. సాదాసీదా పేరు కావాలని ఫ్లెమింగ్ దాన్నే పెట్టుకున్నాడు. మొత్తం 12 నవలలు, రెండు కథల సంపుటాలు. 1964 ఆగస్టులో 56 ఏళ్లకే గుండెపోటుతో చనిపోయాడు. "డాక్టర్ నో", "ఫ్రమ్ రష్యా విత్ లవ్" ఈ రెండు సినిమాలే చూడగలిగాడు. "గోల్డ్‌ఫింగర్" రిలీజ్ అయ్యేసరికి ఆయన లేడు.

ఇప్పుడు అసలు పాయింట్. నవలకీ సినిమాకీ తేడాలు లిస్ట్ చేస్తే వందల్లో వస్తాయి. అక్కడ బక్కారా ఆడితే ఇక్కడ పోకర్, అక్కడ రంపం అయితే ఇక్కడ లేజర్. అవి సరదాగానే ఉంటాయి. నాకు వాటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన తేడా ఒక్కటే. పోయిన కథలో తనకి ఏం జరిగిందో బాండ్‌కి గుర్తుంటుందా, లేదా?

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. స్టేట్‌లెస్ సర్వర్ అంటాం కదా. మీరు ఒక రిక్వెస్ట్ పంపిస్తే పని చేసిపెడుతుంది, అంతే. ఇంకో రిక్వెస్ట్ పంపిస్తే, ఇందాక వచ్చింది మీరేనని దానికి తెలీదు. కొత్త మనిషిని చూసినట్టే చూస్తుంది. స్టేట్‌ఫుల్ అయితే ముందు జరిగింది దాచుకుంటుంది, దాన్నిబట్టి ఇప్పుడు ప్రవర్తిస్తుంది. ఫ్లెమింగ్ రాసిన బాండ్ స్టేట్‌ఫుల్. 2006 దాకా సినిమాల్లో బాండ్ చాలావరకు స్టేట్‌లెస్. సూట్ నలగదు, దెబ్బ మిగలదు, పోయిన సినిమాలో ప్రేమించిన అమ్మాయి పేరు కూడా ఈ సినిమాలో ఎవరూ ఎత్తరు.

అసలు నవలల్లో ఈయన లైఫ్ ఎలా ఉంటుందో మొదట చూద్దాం. 1955లో వచ్చిన మూడో నవల "మూన్‌రేకర్" ఓపెనింగ్ ఆఫీసులో. సోమవారం, టేబుల్ మీద ఫైళ్లు, చదివి సంతకం పెట్టి పక్కకి తోయడం. ప్రాణాల మీదకి వచ్చే పని ఏడాదికి రెండు మూడుసార్లే వస్తుందని రచయిత చెప్తాడు. మిగతా రోజులన్నీ పది నుంచి ఆరు దాకా ఆఫీస్ టైమింగ్స్, క్యాంటీన్ భోజనం, సాయంత్రం స్నేహితులతో పేకాట. జీతం ఏడాదికి 1500 పౌండ్లు, దానికి తోడు సొంత ఆదాయం ఇంకో వెయ్యి. 45 ఏళ్లు వచ్చాయంటే డబుల్ ఓ లిస్టులోంచి తీసేసి హెడ్ క్వార్టర్స్‌లో కుర్చీ పని ఇస్తారు. తనకి ఇంకా ఎనిమిదేళ్లు ఉందని ఈయన లెక్క వేసుకుంటాడు.

నేను ఐటీలో పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ చాప్టర్ చదువుతుంటే నవ్వూ వచ్చింది, కొంచెం గుబులూ వేసింది. నెలల తరబడి బోర్, తర్వాత ఒక్క రాత్రి ఫోన్ మోగితే మొత్తం నీ నెత్తిన. ఆన్‌కాల్ డ్యూటీ చేసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. తేడా ఏంటంటే మనకి సర్వర్ పోతుంది, ఆయనకి ప్రాణం పోతుంది.

మరి సినిమా "మూన్‌రేకర్"? 1979లో వచ్చింది. 1977లో "స్టార్ వార్స్" ప్రపంచాన్ని ఊపేసింది కాబట్టి బాండ్‌ని కూడా అంతరిక్షంలోకి పంపేశారు. అంతకుముందు సినిమా ఎండ్ టైటిల్స్‌లో బాండ్ "ఫర్ యువర్ ఐస్ ఓన్లీ"లో తిరిగి వస్తాడని వేసి కూడా, దాన్ని పక్కనపెట్టి ఇది తీశారు. నవలలో కథంతా ఇంగ్లండ్‌లోనే. డ్రాక్స్ అనే కోటీశ్వరుడు దేశం కోసమని ఒక మిస్సైల్ తయారు చేస్తాడు, దాన్ని లండన్ మీదకే వదలాలన్నది అతని ప్లాన్. బాండ్‌తో కలిసి దాన్ని ఆపేది గాలా బ్రాండ్ అనే పోలీస్ ఆఫీసర్. చివర్లో ఈయన ఆ అమ్మాయితో సెలవు గడుపుదామని ప్లాన్లు వేసుకుని వెళ్తే, తనకి పెళ్లి కుదిరిందని, కాబోయే భర్త అదిగో అక్కడ ఎదురుచూస్తున్నాడని ఆమె చెప్తుంది. ఈయన మర్యాదగా పక్కకి తప్పుకుని ఒక్కడే వెళ్లిపోతాడు. సినిమాలో బాండ్ అలా ఒంటరిగా నడిచి వెళ్లిపోయే సీన్ ఊహించండి. కష్టం కదా?

సరే, ఇప్పుడు గుర్తుండటం అనే విషయానికి నాలుగు ఉదాహరణలు చెప్తాను. చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్దాం.

మొదటిది, చేతి మీద మచ్చ. 1953 నవల "కాసినో రాయల్"లో విలన్ లె షీఫ్ర్‌ని చంపడానికి రష్యా వాళ్లే స్మెర్ష్ సంస్థ మనిషిని పంపిస్తారు. బాండ్‌ని చంపమని అతనికి ఆర్డర్ లేదు. కాబట్టి వదిలేస్తాడు, కానీ వెళ్లేముందు గూఢచారి అనే అర్థం వచ్చే రష్యన్ అక్షరం ఒకటి బాండ్ చేతి వెనక కత్తితో చెక్కుతాడు. తర్వాతి నవలలో దాని మీద చర్మం అతికించిన విషయం వస్తుంది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన "ఫ్రమ్ రష్యా విత్ లవ్"లో, రష్యన్లు బాండ్ ఫైల్ తెరిస్తే గుర్తుపట్టే ఆనవాళ్లలో అది ఉంటుంది. అంటే ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది అన్నమాట. 2006 సినిమా ఈ నవలకి చాలా దగ్గరగా ఉంటుంది, కానీ మచ్చ మాత్రం లేదు.

రెండోది, ఫెలిక్స్ లైటర్. సీఐఏలో బాండ్ ఫ్రెండ్. 1954 నవల "లివ్ అండ్ లెట్ డై"లో విలన్ మనుషులు ఇతన్ని సొరచేపకి వేస్తారు. ఒక చెయ్యి, ఒక కాలు పోతాయి. నాకు నచ్చింది ఆ తర్వాత జరిగేది. ఫెలిక్స్ కథలోంచి మాయమవడు. "డైమండ్స్ ఆర్ ఫరెవర్"లో మళ్లీ కనిపిస్తాడు, చెయ్యి ఉండాల్సిన చోట ఉక్కు కొక్కెం, నడకలో కుంటు. పాత ఉద్యోగం చేయలేడు కాబట్టి ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరాడు. ఆ కొక్కెంతోనే కారు నడుపుతాడు, జోకులేస్తాడు. తర్వాత తను కనిపించిన నవలల్లోనూ అలాగే ఉంటాడు.

1973లో "లివ్ అండ్ లెట్ డై" సినిమా తీసినప్పుడు ఈ సంఘటన మొత్తం తీసేశారు. పదహారేళ్ల తర్వాత, 1989లో "లైసెన్స్ టు కిల్" అనే వేరే సినిమాలో వాడుకున్నారు. భలే యాదృచ్ఛికం ఏంటంటే రెండు సినిమాల్లోనూ ఫెలిక్స్‌గా చేసింది ఒకే నటుడు, డేవిడ్ హెడిసన్. సీన్ భయంకరంగానే తీశారు. ఫెలిక్స్ పెళ్లి రోజే భార్యని చంపేస్తారు, ఇతన్ని సొరచేపకి వేస్తారు. కానీ సినిమా చివర్లో అదే ఫెలిక్స్ హాస్పిటల్ బెడ్ మీద నుంచి ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడతాడు! రెండు గంటల్లోనే మర్చిపోయారు.

మూడోది నాకు బాగా ఇష్టమైన బగ్. 1957 నవల "ఫ్రమ్ రష్యా విత్ లవ్" ఎలా ముగుస్తుందంటే, రోజా క్లెబ్ అనే రష్యన్ అధికారిణి బూటులో దాచిన విషపు బ్లేడ్‌తో బాండ్ కాలికి పొడుస్తుంది. ఈయన ఊపిరాడక నేల మీద పడిపోతాడు. పుస్తకం అక్కడే అయిపోతుంది. అప్పటి పాఠకులు ఏడాది ఆగాల్సి వచ్చింది. 1958లో "డాక్టర్ నో" వస్తే, మొదట్లోనే డాక్టరు చెప్తాడు, అది జపాన్‌లో తినే ఒక చేపలో ఉండే విషమని, ఈయన కొద్దిలో బతికాడని. ఆ రోజు బాండ్ బెరెట్టా పిస్టల్ తీయబోతే అది నడుము దగ్గర బట్టలో ఇరుక్కుంది. అందుకే బాస్ ఎం ఆ తుపాకీ లాగేసుకుని వాల్తర్ పీపీకే ఇప్పిస్తాడు.

మధ్యలో చిన్న ముచ్చట. ఈ తుపాకీ మార్పుకి కారణం ఒక పాఠకుడు. జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు, మీ హీరో వాడే పిస్టల్ ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే రకం అని ఫ్లెమింగ్‌కి ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ ఏమీ అనుకోకుండా సలహా తీసుకున్నాడు. పైగా నవలలో తుపాకీ ఇచ్చే మేజర్‌కి బూత్‌రాయిడ్ అనే పేరే పెట్టాడు. సినిమాల్లో మనం క్యూ అని పిలిచే క్యారెక్టర్‌కి అసలు పేరు అదే. కాబట్టి కామెంట్ పెట్టేవాళ్లు నిరాశపడొద్దు, రచయితలు చదువుతారు!

మళ్లీ బగ్‌కి వద్దాం. సినిమాలు తీసేటప్పుడు వరస తిరగబడింది. 1962లో "డాక్టర్ నో" ముందొచ్చింది, 1963లో "ఫ్రమ్ రష్యా విత్ లవ్". కానీ "డాక్టర్ నో" సినిమాలో తుపాకీ సీన్ ఉంచేశారు. పోయినసారి నీ బెరెట్టా మొరాయిస్తే ఆర్నెల్లు హాస్పిటల్‌లో ఉన్నావని ఎం తిడతాడు. ఏ పోయినసారి? ఇదే మొదటి సినిమా! ఆ పోయినసారి తర్వాతి ఏడాది రాబోతోంది, అందులో కూడా బాండ్‌కి ఆ విషం ఎక్కదు. ఇంకా రాయని ఫంక్షన్‌ని ముందే కాల్ చేసినట్టు. నవల చదవని ప్రేక్షకుడికి తెలీకుండా ఆ లైన్ వెళ్లిపోతుంది, చదివినవాళ్లకి మాత్రం అక్కడ ఒక ఖాళీ కనిపిస్తుంది.

నాలుగోది పెద్దది. ఇక్కడ వరస మారడం వల్ల ఒక మంచి కథ మొత్తం పోయింది.

నవలల వరస ఇది: 1961లో "థండర్‌బాల్", 1963లో "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్", 1964లో "యు ఓన్లీ లివ్ ట్వైస్". మూడింట్లోనూ విలన్ బ్లోఫెల్డ్. రెండోదాంట్లో బాండ్ ట్రేసీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. పెళ్లైన కొన్ని గంటలకే బ్లోఫెల్డ్ వాళ్లు కారు మీద కాల్పులు జరుపుతారు, ట్రేసీ చనిపోతుంది. ఇంకో సంగతి, ఇదే నవల మొదట్లో బాండ్ ఏటా రాయల్ ఊరికి వెళ్తాడని, అక్కడ వెస్పర్ సమాధి దగ్గరికి వెళ్లి వస్తాడని చెప్తారు. వెస్పర్ అంటే మొదటి నవలలో మోసం చేసి, నిద్రమాత్రలు మింగి చనిపోయిన అమ్మాయి. ఆమె చనిపోయినప్పుడు పై అధికారులకి కటువుగా ఒక మాట చెప్పి ఫోన్ పెట్టేసినవాడు, పదేళ్ల తర్వాత కూడా ఏటా ఆ సమాధి దగ్గరికి వెళ్తున్నాడు. పెద్ద సీన్ ఏమీ ఉండదు. ఒకటి రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకి వెళ్లిపోతాడు ఫ్లెమింగ్.

తర్వాత "యు ఓన్లీ లివ్ ట్వైస్" నవల తెరిస్తే బాండ్ పూర్తిగా పాడైపోయిన మనిషి. తాగుతాడు, ఆఫీసుకి లేటుగా వస్తాడు, ఇచ్చిన రెండు పనులూ చెడగొట్టాడు. ఉద్యోగంలోంచి తీసేద్దామని ఎం అనుకుంటుంటే, ఒక డాక్టరు, ఇతనికి అసాధ్యమైన పని ఒకటి ఇచ్చి చూడండి అంటాడు. అలా జపాన్ వెళ్తాడు. అక్కడ విషపు మొక్కల తోట పెంచుకుంటూ, చావాలనుకునేవాళ్లని ఆకర్షిస్తున్న ఒక విదేశీయుణ్ణి చంపమని అడుగుతారు. ఫోటో చూస్తే వాడు బ్లోఫెల్డ్. అక్కడి నుంచి అది డ్యూటీ కాదు, పగ. చేతులతో గొంతు నులిమి చంపుతాడు. ఆ రాత్రే తలకి దెబ్బ తగిలి తన పేరే మర్చిపోతాడు. లండన్‌లో చనిపోయాడనుకుని పేపర్‌లో సంతాపం కూడా వేసేస్తారు.

ఇప్పుడు సినిమాలు. 1967లో ముందు "యు ఓన్లీ లివ్ ట్వైస్" తీశారు. స్క్రిప్ట్ రాసింది రోల్డ్ డాల్, అవును, "చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ" ఆయనే. ట్రేసీ కథ ఇంకా తీయలేదు కాబట్టి పగ లేదు. పగ లేకపోతే ఆ నవలలో మిగిలేది జపాన్ ఒక్కటే. అందుకని అగ్నిపర్వతం లోపల రాకెట్ స్థావరం పెట్టారు. ఆ ఒక్క సెట్‌కే సుమారు 10 లక్షల డాలర్లు అయింది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కాదనను. ఈ సినిమాలో బాండ్, బ్లోఫెల్డ్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటారు.

1969లో "ఆన్ హర్ మెజెస్టీస్" తీశారు. అందులో బాండ్ వంశవృక్షాలు చూసే నిపుణుడి వేషంలో బ్లోఫెల్డ్ కొండ మీదకి వెళ్తాడు. బ్లోఫెల్డ్ గుర్తుపట్టడు. రెండేళ్ల కింద నీ అగ్నిపర్వతం పేల్చేసినవాడు కళ్లజోడు పెట్టుకుని వస్తే గుర్తుపట్టవా నాయనా? నవలలో ఈ ప్రాబ్లమ్ లేదు, ఎందుకంటే అప్పటికి వాళ్లిద్దరూ ఎప్పుడూ కలవలేదు. నవలని చాలా నిజాయితీగా తీసిన సినిమా ఇది, ట్రేసీ చావుతోనే ముగుస్తుంది. కానీ 1971లో వచ్చిన తర్వాతి సినిమా "డైమండ్స్ ఆర్ ఫరెవర్"లో బాండ్ కోపంగా బ్లోఫెల్డ్ కోసం వెతుకుతాడు గానీ, ట్రేసీ పేరు ఎవరూ ఎత్తరు. మిగతాదంతా కామెడీ. న్యాయంగా చెప్పాలంటే 1977 సినిమాలో ఒక డైలాగ్‌లో, 1981లో సమాధి దగ్గర ఒక సీన్‌లో ఆమెని తలుచుకున్నారు.

అయితే ప్రతిదాంట్లో పుస్తకమే గొప్ప అనడానికి నేను రాలేదు. "గోల్డ్‌ఫింగర్" చూడండి. 1959 నవలలో విలన్ ఫోర్ట్ నాక్స్ బంగారం మొత్తం దొంగిలిద్దామనుకుంటాడు. వేల టన్నుల బంగారం ఎలా మోస్తావు, ఎంత టైమ్ పడుతుంది అనే డౌట్ చదివేవాళ్లకి వస్తుంది. సినిమా రాసినవాళ్లు ఆ డౌట్‌నే బాండ్ నోట పెట్టారు. అరవై మంది, పన్నెండు రోజులు, రెండు వందల లారీలు కావాలని బాండ్ లెక్క చెప్తాడు. అప్పుడు విలన్ నవ్వి, దొంగిలిస్తానని ఎవరన్నారు అన్నట్టు అసలు ప్లాన్ బయటపెడతాడు. అణుబాంబు పేల్చి ఆ బంగారాన్ని రేడియోధార్మికం చేస్తే, దాన్ని 58 ఏళ్లు ఎవరూ ముట్టుకోలేరు, తన దగ్గరున్న బంగారం రేటు పెరిగిపోతుంది. నవలలో ఉన్న లోపాన్నే ట్విస్ట్ చేసుకున్నారు. సూపర్ కదా.

లేజర్ కూడా అంతే. నవలలో బాండ్‌ని కట్టేసి మీదకి వచ్చేది గుండ్రటి రంపం. పుస్తకం 1959లో వచ్చింది, ప్రపంచంలో మొదటి లేజర్ పనిచేసింది 1960లో. ఫ్లెమింగ్‌కి దొరకనిది 1964లో సినిమావాళ్లకి దొరికింది. అలాగే బంగారు రంగు పూసి చంపిన అమ్మాయి సంగతి నవలలో బాండ్‌కి తర్వాత ఎవరో చెప్తే తెలుస్తుంది. సినిమాలో లైట్ వేయగానే మంచం మీద ఆమె కనిపిస్తుంది. అరవై ఏళ్లు దాటినా ఆ షాట్ ఎవరూ మర్చిపోలేదు.

మన దేశంతో కనెక్షన్ ఉన్నది "ఆక్టోపుస్సీ". 1983 సినిమా ఉదయ్‌పూర్‌లో తీశారు. కబీర్ బేడీ ఉంటాడు, టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ కూడా ఉంటాడు. అసలు కథకి ఇండియాతో సంబంధమే లేదు. జమైకాలో ఉంటున్న ఒక రిటైర్డ్ మేజర్, యుద్ధం చివర్లో నాజీ బంగారం కోసం చేసిన హత్య గురించి బాండ్ వచ్చి అడుగుతాడు. ఆ ముసలాయన తన పాపం తలుచుకుంటూ సముద్రంలోకి వెళ్తాడు. అంతే కథ. బంగారం కోసం ఆయన చంపిన మనిషి, చిన్నప్పుడు బాండ్‌కి స్కీయింగ్ నేర్పి తండ్రిలా చూసుకున్న ఓబర్‌హౌజర్. బాండ్ అరవడు, కొట్టడు. నాకు గుర్తుంది అని మాత్రం తెలియజేసి వెళ్లిపోతాడు.

మరి సినిమావాళ్లు ఎందుకు అన్నీ రీసెట్ చేశారు? తెలివితక్కువై మాత్రం కాదు. ఆ రోజుల్లో ఓటీటీ లేదు. పోయిన సినిమా మళ్లీ చూడటం అంత తేలిక కాదు. ఏ సినిమాకైనా ఎవరైనా కొత్తగా వచ్చి కూర్చుంటే అర్థమవ్వాలి. పైగా హీరోలు మారుతుంటారు. "నో టైమ్ టు డై" దాకా 25 సినిమాలు, ఆరుగురు నటులు. ఒకరి గాయం ఇంకొకరి ఒంటి మీద ఎలా చూపిస్తారు? హక్కుల గొడవలు కూడా ఉన్నాయి. "థండర్‌బాల్" కథ మీద కెవిన్ మెక్‌లోరీ అనే నిర్మాత కోర్టుకి వెళ్లాడు, 1963లో రాజీ అయింది. 1962 నవల "ది స్పై హూ లవ్డ్ మీ" సంగతైతే మరీ. అది ఒక అమ్మాయి తన కథ తాను చెప్పుకునే నవల, బాండ్ చాలా లేటుగా వస్తాడు. పేరు మాత్రమే వాడుకోండి, కథ వద్దు అని ఫ్లెమింగే షరతు పెట్టాడు. అందుకే 1977 సినిమాలో టైటిల్ తప్ప ఏమీ లేదు.

2006లో డేనియల్ క్రెయిగ్ వచ్చాక లెక్క మారింది. "కాసినో రాయల్"లో వెస్పర్ చనిపోతే, 2008 సినిమా అదే బాధతో మొదలవుతుంది. "స్కైఫాల్"లో చనిపోయాడనుకున్న బాండ్ చేతులు వణుకుతూ తిరిగి వస్తాడు. సమాధి రాయి మీద ఆండ్రూ బాండ్, మోనిక్ డెలాక్రోయిక్స్ అనే తల్లిదండ్రుల పేర్లు కనిపిస్తాయి. అవి 1964 నవలలో పేపర్ సంతాపంలో ఉన్నవే. "నో టైమ్ టు డై"లో వెస్పర్ సమాధి ఉంది, విషపు మొక్కల తోట ఉంది, బ్లోఫెల్డ్ గొంతు పట్టుకోవడం ఉంది. 1967లో వదిలేసిన నవలని 2021లో ముక్కలుగా తెచ్చి పెట్టారు.

కానీ ఇక్కడ నాకో కంప్లయింట్ ఉంది. 2015 "స్పెక్టర్"లో ముందు మూడు సినిమాల విలన్లందరి వెనకా ఉన్నది ఒక్కడే అన్నారు. ఆ ఒక్కడూ ఓబర్‌హౌజర్ కొడుకు, చిన్నప్పుడు బాండ్‌తో కలిసి పెరిగినవాడు అన్నారు. ఇందాక చెప్పిన చిన్న కథలోంచి పేరు తీసుకుని యూనివర్స్ కట్టేశారు. ఇప్పుడు మన దగ్గర కూడా యూనివర్స్ సీజన్ కదా, అందుకే గట్టిగా చెప్తున్నా. కథల్ని కలపడం వేరు, మనిషికి గుర్తుండటం వేరు. ఫెలిక్స్ చెయ్యి పోవడానికీ ట్రేసీ చావుకీ మధ్య నవలల్లో ఏ రహస్య లింకూ లేదు. ఏ పోస్ట్ క్రెడిట్ సీనూ లేదు. అయినా చదివేవాళ్లకి అది ఒకే జీవితం అనిపిస్తుంది, ఎందుకంటే దెబ్బలు తిన్న మనిషి ఒక్కడే. విలన్లందర్నీ ఒకే దారానికి కడితే ప్రపంచం చిన్నదైపోతుంది, బాండ్ బాధ కూడా ఎవరో ఒకడి కుట్రగా మారిపోతుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. నవలలు చదువుతుంటే కొన్ని పేజీలు ఇబ్బంది పెడతాయి. నల్లజాతి వాళ్ల గురించి, ఆసియా వాళ్ల గురించి, ఆడవాళ్ల గురించి 1950ల నాటి ఇంగ్లిష్ దొర ఎలా మాట్లాడతాడో అలాగే ఉంటుంది. 2023లో, మొదటి నవలకి 70 ఏళ్లు అయినప్పుడు, కొన్ని జాతి సంబంధమైన మాటలు తీసేసి కొత్త ఎడిషన్లు వేశారు. "లివ్ అండ్ లెట్ డై" తెరిచేముందు ఆ సంగతి తెలిసి ఉండటం మంచిది. గుర్తుపెట్టుకోవడంలో గొప్పవాడు, చూడటంలో చాలాచోట్ల గుడ్డివాడు. రెండూ నిజమే.

మన తెలుగువాళ్లకి గూఢచారులు కొత్త కాదు. బాండ్ గాలి వీస్తున్న రోజుల్లోనే, 1966లో, కృష్ణగారు "గూఢచారి 116" చేశారు. 2018లో అడివి శేష్ "గూఢచారి"లో 116 అనే నంబర్ వాడింది ఆయన్ని తలుచుకునే. మధుబాబుగారి షాడో నవలలు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, అద్దె పుస్తకాల షాపు కథలు అరగంట చెప్తారు. బాండ్ సినిమాలు మనదాకా డబ్బింగ్‌లో వచ్చాయి, టీవీలో వచ్చాయి. ఫ్లెమింగ్ నవలలు మాత్రం మన మాటల్లోకి పెద్దగా రాలేదు. మన దేశంలో కాపీరైట్ రచయిత చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది. 1964లో చనిపోయాడు కాబట్టి, ఆయన బతికుండగా వచ్చిన నవలలకి 2024 చివరితో ఆ గడువు అయిపోయింది. బాండ్ పేరు మీదున్న ట్రేడ్‌మార్క్‌లు వేరే సంగతి, అది లాయర్లు చూసుకుంటారు. కానీ ఎవరైనా మంచి తెలుగులో "కాసినో రాయల్" అనువాదం చేస్తే మొదటి కాపీ నేను కొంటా.

చివరిగా, ఏవి చదవాలి? పన్నెండూ అక్కర్లేదు. "కాసినో రాయల్"తో మొదలుపెట్టండి, చిన్న పుస్తకం, రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది. ఆఫీసు బాండ్ కోసం "మూన్‌రేకర్". ఆ తర్వాత "ఫ్రమ్ రష్యా విత్ లవ్". మొదటి పది చాప్టర్లు బాండ్ కనిపించడు, ఓపిక పట్టండి, ఆయన్ని చంపే ప్లాన్ ఎలా తయారవుతుందో అక్కడే ఉంది. అది అయిన వెంటనే "డాక్టర్ నో". చివర్లో "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్", "యు ఓన్లీ లివ్ ట్వైస్" ఈ రెండూ పక్కపక్కనే, ఇదే వరసలో. వరస మార్చొద్దు. మారిస్తే ఏమవుతుందో 1967లో చూశాం.

సినిమాలు మానేయమనట్లేదు, నేను కూడా "గోల్డ్‌ఫింగర్" ఎప్పుడొచ్చినా చూస్తాను. కాకపోతే సినిమా అయిపోయి బాండ్ టై సర్దుకుని నవ్వుతున్నప్పుడు, ఇంటికెళ్లాక ఈయన పరిస్థితేంటి అని మీకెప్పుడైనా అనిపిస్తే, ఆ జవాబు నవలల్లో ఉంది.

ఇలాగే వరస మార్చడం వల్ల, లేదా రీసెట్ చేయడం వల్ల చెడిపోయిన తెలుగు సీక్వెల్ ఏదైనా మీకు గుర్తొస్తే కామెంట్‌లో రాయండి. తిట్టడం కాదు, ఏ సంఘటన మర్చిపోయారో చెప్పండి. బాగున్నవి తీసుకుని ఒక ఎపిసోడ్ చేద్దాం.